ఆదివారం మాత్రమే మూగబోయే సౌండ్‌బార్

హాస్టల్,
జూలై 10

పెద్దమ్మా,

నా మీద నువ్వు మోపిన అభియోగం ఇది: "మీ పెద్దనాన్న పెట్టిన పెట్టెలు పీకేసి, ఆ పొడుగుది తెచ్చి పెట్టి, మన ఆదివారం నోరు నొక్కేశావు." నీ మాటలు ఉన్నవి ఉన్నట్టుగా ఎత్తి రాశాను. ఎదుటివాళ్ళ వాదాన్ని వంకర చేసి గెలవడం నాకు నచ్చదు. ఇక జవాబు విను. ఫోనులో నీ మాట పూర్తి కాకముందే అడ్డుపడుతున్నానని, ఇకపై ఏం చెప్పాలన్నా కాగితం మీద రాసి పంపమని శాసించింది నువ్వే. కాబట్టి ఈసారి నువ్వు కూడా నాకు అడ్డుపడలేవు.

ఆ చెక్క స్పీకరు పెట్టెలను నేను పీకలేదు. అవి వాటంతట అవే పోయాయి. పెద్దనాన్న చనిపోయిన ఏడాదే ఎడమ పెట్టెలో కాగితపు గరాటు చిరిగింది. అప్పటినుంచి తెర మీద ఎవరు మాట్లాడినా జలుబు చేసినట్టే ఉండేది. కథానాయకుడు ప్రేమలేఖ చదువుతుంటే మందుల షాపు మామయ్య "వీడికి నా దగ్గర సిరప్ ఉంది, ఎవరైనా అందించండి" అన్నప్పుడు అందరికంటే ముందు నవ్వింది నువ్వే. పైగా కొత్త టీవీలో ఆ పాత వైర్లు పట్టే చోటే లేదు. అందుకే సెలవులకు వచ్చినప్పుడు సౌండ్‌బార్ తెచ్చి టీవీ కింద బల్ల మీద పెట్టాను. ఇందులో నేరం ఎక్కడుంది?

అసలు విషయం నీ ఉత్తరంలోనే ఉంది. సోమవారం నుంచి శనివారం దాకా అది చక్కగా పాడుతోందని, ఆదివారం సాయంత్రం సినిమా చూడ్డానికి అందరూ వచ్చి కూర్చున్నాకే గొంతు పోతోందని నువ్వే రాశావు. ఆరు రోజులు మాట్లాడే వస్తువు ఏడో రోజు మూగబోతే, తప్పు వస్తువులో లేదు, ఆ రోజులో ఉంది. దాన్ని పట్టుకుంటాను.

ముందుగా ఒక ప్రయత్నం చెయ్యి. టీవీకీ సౌండ్‌బార్‌కీ మధ్య వైరు లేదు. అవి రెండూ గాలిలోనే మాట్లాడుకుంటాయి. నీలం లైటు నిలకడగా ఉంటే ఒకదాని మాట ఒకటి వింటున్నట్టు. మిణుకుమంటూ ఉంటే వెతుక్కుంటున్నట్టు. రెండింటి ప్లగ్గులూ తీసేసి, నింపాదిగా టీ తాగి, మళ్ళీ పెట్టు. తరువాత నర్సు పిన్నిని పిలిచి, టీవీ సెట్టింగ్స్‌లో పాత కనెక్షన్ తీసేసి కొత్తగా కలపమను.

నీ ఉత్తరం చివరి వాక్యం మాత్రం నన్ను నిద్రపోనివ్వడం లేదు. ఇది ఇలాగే ఉంటే ముందు గదిని ట్యూషన్ మాస్టారుకి ఇచ్చేస్తానని రాశావు. పెద్దమ్మా, నాకు వాదించడం నేర్పింది ఈ కాలేజీ కాదు, ఆ గది. పెద్దనాన్న వారమంతా కోర్టులో కూర్చుని ఊరందరి మాటలూ టైపు చేసేవారు. ఆయన మాట ఒక్కటీ ఆ కాగితాల మీద ఉండేది కాదు. ఆదివారం వచ్చేసరికి మాత్రం, టీవీ పక్కన కూర్చుని, సినిమా సరిగ్గా సగానికి రాగానే లేచి ఆపేసి, లైటు వేసి, "తప్పెవరిది?" అనేవారు. గదంతా ఒకే మాట మీద ఉంటే సినిమా తిరిగి మొదలయ్యేది కాదు. అందరూ తిట్టుకుంటున్న మనిషి తరఫున ఎవరో ఒకరు లేచి నిలబడాల్సిందే. ఎవరూ లేవకపోతే కండక్టర్ బాబాయి లేచేవారు. ఎలాంటి దుర్మార్గుడి తరఫునైనా సరే!

అలాంటి గదిలో లెక్కలూ ఎక్కాలూనా? ఒప్పుకోను.

నీ మాట వినని,
ప్లీడరు


ఇంటి దగ్గర,
జూలై 15

ప్లీడరమ్మా,

నీ ఉత్తరం శుక్రవారమే అందింది. ఆదివారం సినిమాకి ముందు నర్సు పిన్ని నిలబడి అందరికీ వినపడేలా చదివింది. "శాసించింది నువ్వే" దగ్గర కండక్టరు చప్పట్లు కొట్టాడు. "మన పిల్ల ఉత్తరం రాసినా మైకు ముందున్నట్టే ఉంటుంది వదినా" అన్నాడు. నువ్వు బాగా తింటున్నావా? చదివింది చాలక రాత్రంతా పోట్లాటలేనా? జుట్టుకి నూనె రాస్తున్నావో లేదో అది రాయవు గానీ గరాటు చిరిగిందని రాస్తావు.

నువ్వు చెప్పినట్టే చేశాం. శనివారం పొద్దున ప్లగ్గులు తీశాం, టీ తాగాం, పెట్టాం. పిన్ని ఏవేవో నొక్కి కొత్తగా కలిపింది. నీలం లైటు కుదురుగా వెలిగింది. కుట్టుమెషీను తొక్కుకుంటూ మధ్యాహ్నమంతా పాటలు విన్నాను. ఒక్కసారి కూడా ఆగలేదు. హమ్మయ్య అనుకున్నాను.

ఆదివారం కదా, ఇల్లంతా తుడిచి, మంచివన్నీ తీసి పరిచి, ఎదురు చూస్తూ కూర్చున్నాను. అందరూ వచ్చారు. సినిమా మొదలైంది. బానే ఉంది, బానే ఉంది, ఇంతలో ఆ తల్లి కొడుకుని దగ్గరికి పిలిచి "ఇన్నాళ్ళూ నీకు చెప్పలేదురా, మీ నాన్న" అంది. అంతే! టప్పున గొంతు పోయింది. వాళ్ళ నోళ్ళు కదులుతున్నాయి, కళ్ళనీళ్ళు కారుతున్నాయి, ఇక్కడ చీమ చిటుక్కుమనదు. నీలం లైటు కన్ను కొడుతోంది.

మందుల షాపు అన్నయ్య లేచి నిలబడ్డాడు. "వాళ్ళ నాన్నెవరో తేలేదాకా నేను ఇంటికి పోను" అన్నాడు.

"పోనీ టీవీ గొంతు పెంచండి" అంది పిన్ని. పెంచాం. ఆ పలచటి టీవీకి గొంతెక్కడ ఏడ్చింది? వీపు వెనక గోడకి చెప్పుకుంటున్నట్టు గొణుగుతుంది.

కండక్టరు మాత్రం ఒకటే మాట. "వైరు పెట్టించు వదినా. గాలిలో మాటలు నేను నమ్మను. టికెట్టు చేతిలో పడితేనే ప్రయాణం." సరేలే, పిల్లని అడుగుతానన్నాను.

ఇది వరసగా ఎన్నో ఆదివారమో నేను చెప్పను. సగం దాకా వస్తేగా ఆపడానికి! మీ పెద్దనాన్న కుర్చీ వైపు చూడాలంటే మొహం చెల్లడం లేదు. ట్యూషన్ మాస్టారు మంచివాడు, గొంతు కూడా మెత్తన. ఆలోచించుకో.

ఇంకా అడ్డుపడని,
పెద్దమ్మ


హాస్టల్,
జూలై 18

పెద్దమ్మకూ, ఈ ఉత్తరాన్ని వింటున్న సభ్యులందరికీ,

మొదట కండక్టర్ బాబాయి గారి వైరు సంగతి తేల్చేస్తాను. వైరు లేకుండా పనిచెయ్యడం కోసమే తయారైన వస్తువుకు వైరు పెట్టమనడం, బస్సు ఆగిపోతే ముందు ఎద్దులను కట్టమనడం లాంటిది. పైగా టీవీ గోడకు బిగించి ఉంది. వెనక వైరు దూర్చాలంటే మేస్త్రీని పిలిచి గోడ నుంచి దించాలి. బాబాయి గారి మీద నాకు గౌరవముంది. కానీ ఆయన జీవితమంతా బస్సులో వెనక్కి తిరిగి నిలబడి ప్రయాణం చేశారు. ముందు నుంచి వస్తున్నది ఆయనకు కనపడకపోవడంలో ఆశ్చర్యం లేదు. వైరు వాదం వీగిపోయింది. దాన్ని ఇంకెవరూ లేవనెత్తవద్దని మనవి.

ఇప్పుడు అసలు ముద్దాయిలు. ఆదివారం గదిలో కొత్తగా వచ్చి చేరేవి ఏమిటి? ఫోన్లు. ఒక్కొక్కరి జేబులో ఒకటి. అవి కూడా అదే గాలిలో, దాదాపు అదే దారిలో మాట్లాడుకునే వస్తువులే. సంతలో నిలబడి ఒక మనిషి మాట వినడం ఎంత కష్టమో, అన్ని ఫోన్ల మధ్య టీవీ మాట వినడం సౌండ్‌బార్‌కు అంత కష్టం. మిగతా ఆరు రోజులూ నువ్వొక్కదానివే కాబట్టి సమస్య రాదు. ఈ వాదంలో ఎక్కడైనా కన్నముంటే చూపించండి.

అందుచేత ఈ ఆదివారం లోపలికి వచ్చే ప్రతి ఒక్కరూ ఫోను ఆపేసి వంటింట్లో బుట్టలో పెట్టాలి. మినహాయింపులు లేవు. మందుల షాపు మామయ్యకు కూడా.

నిన్న సాయంత్రం హాస్టల్ మేడ మీద ఎవరో కుట్టుమెషీను తొక్కుతున్నారు. ఆ చప్పుడు విని మెట్ల మీదే కూర్చుండిపోయాను. అమ్మానాన్నలు బదిలీల మీద ఊళ్ళు తిరుగుతూ నన్ను నీ దగ్గర వదిలిన కొత్తలో, నీ మెషీను బల్ల కిందే కదా నా ఇల్లు. నాటకాల కంపెనీకి నువ్వు రాజుల అంగీలు కుడుతుంటే, పైనుంచి తళుకు ముక్కలు రాలేవి. నేను అవి ఏరుకుంటూ, తొక్కుడు లయకు తగ్గట్టు పద్యం బట్టీ పట్టేదాన్ని. ఇప్పటికీ వేదిక ఎక్కేముందు నా కుడికాలు దానంతట అదే తొక్కడం మొదలుపెడుతుంది. నువ్వు కవరు కుట్టని వస్తువు ఆ ఇంట్లో ఒక్కటైనా ఉండేదా? రేడియోకు కవరు, మిక్సీకి కవరు, ఆఖరికి టెలిఫోను రిసీవరుకు కూడా చిన్న గొట్టం లాంటి కవరు. "ఇక్కడ కదలకుండా కూర్చుంటే నాకూ కొలతలు తీసేస్తుంది" అని పెద్దనాన్న లేచి వెళ్ళిపోయేవారు.

జుట్టుకు నూనె రాస్తున్నాను. సాక్ష్యంగా ఈ కాగితం మూల మరక చూడు.

గెలుపు ఖాయమని నమ్ముతున్న,
ప్లీడరు


ఇంటి దగ్గర,
జూలై 22

అమ్మాయీ,

మరక చూశాను. నూనె కాదు, అది టీ.

నీ ఉత్తరం పిన్ని చదివింది. బస్సులో వెనక్కి తిరిగి నిలబడ్డాడన్న చోట అందరూ పడి పడి నవ్వారు. కండక్టరు కూడా నవ్వాడు. "నిజమే కదా, వెనక్కే నిలబడ్డాను" అన్నాడు. తర్వాత సినిమా అయ్యేదాకా నోరు విప్పలేదు. సినిమా అవ్వలేదనుకో, గొంతు పోయేదాకా అనాలి.

ఫోన్లన్నీ బుట్టలో పెట్టించాను. పిన్ని గొణిగింది, ఆసుపత్రి నుంచి పిలుపొస్తే ఎలా అని. "ప్లీడరు ఆర్డరు, నన్నేమీ అనొద్దు" అన్నాను. మందుల షాపు అన్నయ్య బుట్టలో పెట్టేముందు ఫోనుని రెండుసార్లు చూసుకున్నాడు. అయినా నీ మాట కాదనలేక పెట్టేశాడు.

మళ్ళీ అదే గోల. పెళ్ళికొడుకు పీటల మీంచి లేచి "ఈ పెళ్ళి నాకు" అనేసరికి గొంతు పడిపోయింది. ఇష్టమో కాదో ఆ దేవుడికే తెలియాలి. లైటు కన్ను కొట్టడం మొదలెట్టింది. రిమోటు నొక్కితే పలుకుతోంది, చుక్కలు వెలుగుతున్నాయి, మాట మాత్రం రాదు. నోరు కట్టేసిన మనిషిలా చూస్తుంది.

ఇంటికెళ్ళేటప్పుడు అన్నయ్య ఫోను తీసి చూసుకుంటే, షాపు కుర్రాడు ఎన్నిసార్లు చేశాడో. ఎవరికో అర్జంటు మందు కావాలట, తాళం అన్నయ్య దగ్గరుంది. వాళ్ళు ఊరి ఆ చివరికి పరిగెత్తి తెచ్చుకున్నారట. ఎవరికీ ఏమీ కాలేదు, కంగారు పడకు. కానీ అన్నయ్య మొహం చూడలేకపోయాను. "ఇక నాకు కుదరదులే చెల్లెమ్మా" అన్నాడు. అలవాటు ప్రకారం జోకు కూడా వెయ్యలేదు.

ఇక ఏం చెయ్యమంటావో నువ్వే చెప్పు. నువ్వు చదువుకున్నదానివి.

పెద్దమ్మ


హాస్టల్,
జూలై 25

పెద్దమ్మా,

మందుల షాపు మామయ్య విషయం విని బాధపడ్డాను. ఆయనకు వేరే ఉత్తరం రాస్తున్నాను. అయితే ఒక నిబంధన వల్ల ఇబ్బంది కలిగినంత మాత్రాన దాని వెనకున్న తర్కం తప్పని రుజువు కాదు. ఫోన్లు కాదని మాత్రం తేలింది. అనుమానితుల్లో ఒకరు తగ్గారు. ఇది కూడా ముందడుగే. కండక్టర్ బాబాయి నవ్వేశారని రాశావు, సంతోషం. దెబ్బ తిని నవ్వగలిగినవాళ్ళే నాకు నచ్చుతారు.

నిన్న లైబ్రరీలో కూర్చుని చదివాను. ఇక మిగిలింది ఒక్కటే: మనుషులు. మన ఒంట్లో సగానికి పైగా నీళ్ళే. ఈ గాలిమాటలను నీళ్ళు మింగేస్తాయి. టీవీకీ సౌండ్‌బార్‌కీ చుట్టుపక్కల మనుషులు గుమిగూడి కూర్చుంటే వాటి మాట మధ్యలోనే ఇంకిపోతుంది. అందుకే నువ్వొక్కదానివే ఉన్నప్పుడు పనిచేస్తోంది. ఇంతకంటే సూటిగా ఏ వాదమూ ఉండదు.

ఈ ఆదివారం అందరూ ఎదుటి గోడకు ఆనుకుని, వీలైనంత దూరంగా కూర్చోండి. టీవీకి దగ్గరగా ఉన్న కుర్చీని గదిలోంచి తీసేయించు. అక్కడ ఎవరూ కూర్చోవడానికి వీల్లేకుండా చెయ్యి.

నాకు వచ్చే వారం అంతర కళాశాలల డిబేట్ పోటీ ఉంది. అంశం, "ఏకాభిప్రాయమే సమాజానికి బలం." నాకు దానికి వ్యతిరేకంగా మాట్లాడే పక్షం వచ్చింది. తయారవుతుంటే ఒక ఆదివారం గుర్తుకొచ్చింది. నాకు తొమ్మిదేళ్ళో పదేళ్ళో. ఆ సినిమాలో అన్న దొంగతనం చేస్తే తమ్ముడు పోలీసులకు పట్టిస్తాడు. పెద్దనాన్న సగంలో ఆపారు. గదంతా తమ్ముణ్ణి మెచ్చుకుంటోంది. బాబాయి ఎప్పటిలా లేవబోతే పెద్దనాన్న చెయ్యి అడ్డం పెట్టి "నువ్వాగు, ఇవాళ వేరేవాళ్ళు" అన్నారు. ఎవరూ కదల్లేదు. నేను బల్ల కింద నుంచి వచ్చి, "అన్న దొంగిలించిన అన్నం తమ్ముడు కూడా తిన్నాడుగా" అన్నాను. తరువాత బాబాయి, "ఇక నేను రిటైరైపోవచ్చు" అని నన్ను ఎత్తి కుర్చీ మీద నిలబెట్టారు.

అక్కడి నుంచి నేను ఇంకా దిగలేదు పెద్దమ్మా.

గెలిచి రాస్తాను,
ప్లీడరు


ఇంటి దగ్గర,
ఆగస్టు 5

చిట్టీ,

పోటీలో ఏమైందో రాయలేదు. గెలిచే ఉంటావులే. గెలవకపోతే ఈపాటికి వాళ్ళ మీద పది పేజీలు రాసేదానివి.

పోయిన వారం నేను ఉత్తరం వెయ్యలేదు. రాయబుద్ధి కాలేదు.

నువ్వు చెప్పినట్టే, 27న, టీవీకి దగ్గరగా ఉన్న కుర్చీ తీసేశాను. ఏ కుర్చీ అని నువ్వు రాయలేదు. అక్కడుండేది ఒక్కటే కుర్చీ. మీ పెద్దనాన్నది. సినిమా ఆపడానికి చెయ్యి అందాలని ఆయన అక్కడే వేసుకునేవాడు కదా. తెలిసే రాశావేమో అనుకున్నాను. నేనే మోసుకెళ్ళి వరండాలో పెట్టాను. జల్లు పడి తడిసింది. తుడిచాలే.

ఆ రోజు నేనూ పిన్నీ తప్ప ఎవరూ లేరు. ఇద్దరం ఎదుటి గోడకి ఆనుకుని, ఎవరో తిట్టి నిలబెట్టినట్టు కూర్చున్నాం. అప్పుడూ మూగబోయింది. పిన్ని లేచి, "అక్కా, ఇక ఆదివారాలు డ్యూటీ వేయించుకుంటాను. ఏమనుకోకు" అంది. ఏమనుకుంటాను?

కండక్టరు ఎందుకు రాలేదో కనుక్కుందామని మర్నాడు వాళ్ళింటికి వెళ్ళాను. ఉతికిన చొక్కాలు ఆరేస్తున్నాడు.

"ఏం మరిదీ, ఆదివారం బండి రద్దయిందా?" అన్నాను.

"నేనొస్తే ఏదో ఒకటి అడ్డం మాట్లాడతాను వదినా. చదువుకున్న పిల్ల, దాని లెక్క దానికుంటుంది. మధ్యలో నేనెందుకు?"

"నీకు కోపమొచ్చింది కదూ?"

"కోపమా? దాని మీదా? లేదు వదినా. అది చెప్పింది నిజమే అనిపించింది. అంతే."

పోట్లాడలేదే, అదే నాకు బాధ. ఆ మనిషి ఇన్నేళ్ళలో ఎవరి మాటా నిజమే అనడం నేను వినలేదు.

మొన్న ఆదివారం ఎవరూ రారని తెలుసు. అయినా పొద్దు గడవక సినిమా పెట్టుకున్నాను. ఎవరి కోసమని ఆ పొడుగుదానికి బంగారు కవరు కూడా వెయ్యలేదు. రోజూ ఉండే నూలుదే ఉంచాను. ఆ బంగారుది నువ్వు చూడలేదు కదూ, నువ్వు వెళ్ళాక కుట్టాను. కంపెనీ మూసేసినప్పుడు నాకు ఇచ్చేసిన రాజు కవచం ఉంది చూడు, దాన్ని విప్పి చేశాను. పైనంతా ఇత్తడి తీగ నేత, లోపల బిర్రుగా నిలబడ్డానికి వేసిన రేకు అస్తరు కూడా అలాగే ఉంచా. పైనా వెనకా పక్కలా పట్టేసి ఉంటుంది. ముందు మాత్రం స్టేజీ తెరలా రెండు వైపులకీ జరుగుతుంది. ఆదివారం అందరూ కూర్చున్నాక నేను తెర లాగితే అందరూ చప్పట్లు కొట్టేవాళ్ళు. మనుషులొచ్చినప్పుడు ఇల్లు అందంగా ఉండాలి కదా.

విచిత్రం చెప్పనా? మొన్న అది చివరిదాకా మాట్లాడింది. ఒక్కసారి కూడా కన్ను కొట్టలేదు. సగానికి వచ్చినప్పుడు నేను ఆపలేదు. ఆపి ఎవరితో మాట్లాడాలి?

దానికి మనుషులు పడరనుకుంటాను. నువ్వు చెప్పిందే నిజం. వచ్చినప్పుడు దాన్ని పట్టుకెళ్ళు, నీ గదిలో పెట్టుకో. ట్యూషన్ మాస్టారు ఈ సోమవారం వచ్చి బల్లలు వేసుకుంటానన్నాడు. సరేనన్నాను. నిన్ను తప్పు పట్టడం లేదు. నా మొదటి ఉత్తరంలో మాట వెనక్కి తీసుకుంటున్నాను.

వేళకి తిను.

నీ పెద్దమ్మ


హాస్టల్,
ఆగస్టు 8

నర్సు పిన్నికి,

ఈ ఉత్తరం నీ పేరు మీద, పోస్టులో కాకుండా ఈ రాత్రి బస్సులోనే ఇచ్చి పంపుతున్నాను. దీన్ని ముందు గదిలో చదవకు, అక్కడ ఎవరూ లేరు. పెద్దమ్మను వెంటబెట్టుకుని, దారిలో మందుల షాపు మామయ్యను పిలుచుకుని, కండక్టర్ బాబాయి వాకిట్లో నిలబడి చదువు. ఆయన చొక్కాలు ఆరేస్తూ ఉంటే ఆరేయనివ్వు. గొంతు మాత్రం తగ్గించకు.

పెద్దమ్మా, నువ్వు వెనక్కి తీసుకున్న అభియోగాన్ని నేను మళ్ళీ నీ చేతిలో పెడుతున్నాను. ఆదివారం నోరు నొక్కింది నేనే. సౌండ్‌బార్‌తో కాదు.

ముందు సౌండ్‌బార్ సంగతి చెబుతాను. నీ ఉత్తరంలో బంగారు కవరు మాట చదివిన వెంటనే నా రూమ్మేట్ దగ్గరున్న చిన్న స్పీకరు తీసుకుని, ఫోనుతో కలిపి, బిస్కెట్ల రేకు డబ్బాలో పెట్టి మూత పెట్టాను. గది అవతలికి నడిచేలోపే పాట తెగిపోయింది. మూత తీశాను. పాట వచ్చింది. పెట్టాను, పోయింది. మా గదిలో వాళ్ళు నాకు పిచ్చెక్కిందనుకున్నారు. రేకును, లోహపు తీగ నేతను దాటి ఈ గాలిమాటలు సరిగ్గా పోలేవు. శనివారం దాకా నూలు కవరు, దానికి అడ్డు లేదు. ఆదివారం నువ్వు దానికి కవచం తొడిగావు. ముందు తెర తెరిచే ఉంటుంది కాబట్టి రిమోటు పలికింది. టీవీ మాట మాత్రం వెనకా పైనా తగిలి కొంతసేపు కొట్టుకుని ఆగిపోయింది. మనుషులంటే దానికి పడకపోవడం కాదు. వచ్చే మనుషుల మీద నీకున్న ప్రేమే ఇన్ని ఆదివారాలు దాని మీద కప్పి ఉంది. ఆ కవరు అందమైనదే అయి ఉంటుంది. సినిమా మొదలవగానే మొత్తం ఎత్తి ఒళ్ళో పెట్టుకో. చప్పట్లు అప్పుడు కూడా కొడతారు.

ఫోన్లు నిర్దోషులు. మామయ్యా, మీ ఫోను మీ చొక్కా జేబులోనే, మోత పెట్టుకునే ఉండాలి. పెద్దనాన్న కుర్చీని గదిలోంచి వెళ్ళగొట్టమని రాసినప్పుడు అది ఏ కుర్చీయో నేను ఆలోచించలేదు. పటం గీసి వాదించే నాకు గది గుర్తుంది, గదిలో ఎవరు ఎక్కడ కూర్చున్నారో గుర్తు లేకపోయింది. పెద్దమ్మా, దాన్ని నువ్వు మొయ్యకు. మామయ్య మోస్తారు.

పోటీ ఫలితం అడిగావు. అది వాయిదా పడి నిన్ననే జరిగింది. గెలిచాను. ఏకాభిప్రాయం ఎంత ప్రమాదమో పన్నెండు నిమిషాలు మాట్లాడాను. సభ లేచి నిలబడింది. కప్పు పట్టుకుని గదికి వస్తే బల్ల మీద నీ ఉత్తరం ఉంది. బాబాయి "అది చెప్పింది నిజమే" అన్నారని అందులో ఉంది. ఆ కప్పును మంచం కిందికి తోసేశాను.

నేను ఫోన్లన్నాను, అందరూ ఒప్పుకున్నారు. మనుషులన్నాను, గోడకు ఆనుకున్నారు. కుర్చీ తియ్యమన్నాను, పెద్దమ్మ జల్లులోకి మోసుకెళ్ళింది. మీలో ఒక్కరు, ఒక్కసారి, "నీకు మతి పోయిందా పిల్లా, అక్కడ కూర్చుని నీకేం తెలుసు?" అని ఉంటే, పెద్దమ్మ కోపంతోనైనా ఆ కవరు సంగతి ముందే రాసేది. అలా అనే మనిషి ఒక్కరే ఉన్నారు. ఆయన్ని నేను మొదటే, నలుగురిలో, ఒక ముచ్చటైన వాక్యంతో కూర్చోబెట్టేశాను. బాబాయ్, ఆ వాక్యం రాసినప్పుడు నాకు నేనే భుజం తట్టుకున్నాను. అది వాదన కాదు. మీ వైరు మాటకు నా దగ్గర మంచి జవాబు లేక, మీ ఉద్యోగాన్ని ఎగతాళి చేశాను. వేదిక మీద ఎవరైనా అలా చేస్తే నేనే లేచి ఆపుతాను. వెనక్కి తిరిగి నిలబడినవాళ్ళకే బస్సులో ప్రతి మొహమూ కనిపిస్తుందని అప్పుడు తోచలేదు.

దీనికి మీరు కోప్పడాల్సింది. నవ్వేసి ఊరుకున్నారు. చదువుకున్న పిల్ల అన్నారు. ఆ మాటకంటే మీరు నన్ను రెండు తిట్లు తిట్టి ఉంటే నాకు గౌరవంగా ఉండేది. నన్ను ఎత్తి కుర్చీ మీద నిలబెట్టింది నాకు ఎదురు లేకుండా చెయ్యడానికా?

కాబట్టి క్షమించమని అడగడం లేదు. క్షమిస్తే మళ్ళీ అందరూ ఒకే మాట మీద ఉన్నట్టవుతుంది. నేను అడిగేది వేరు. ట్యూషన్ మాస్టారు రావడానికి ఇంకా ఒక ఆదివారం ఉంది. నేను రేపటి బస్సుకు వస్తున్నాను. ఎల్లుండి సాయంత్రం మీరందరూ ఆ గదికి రావాలి. సినిమా సగానికి రాగానే పెద్దమ్మ లేచి ఆపుతుంది, లైటు వేస్తుంది. అప్పుడు నేను నిలబడి ఏదో ఒకటి వాదిస్తాను. ఎంత చక్కగా వాదించినా, ఎన్ని పుస్తకాలు చూపించినా, నా మాటకు తలలూపకండి. బాబాయ్, మీరు లేవండి. మీరు లేవకపోతే మామయ్యా, మీరు. పిన్నీ, డ్యూటీ మార్చుకుని నువ్వు. ఎవరైనా సరే, నా మొహం మీద "కాదు" అని, ఎందుకు కాదో చెప్పండి.

మీ ఎదురుమాట కోసం వస్తున్న,
ప్లీడరు